కూర్చునేవాళ్లు లేని కుర్చీలు

డోరిస్ సాల్సేదో శిల్పాలకు ముడిసరుకు పాత సామాన్ల దుకాణంలోనో, ఎవరింటి వెనక గదిలోనో దొరికేదే: కుర్చీలు, బల్లలు, బీరువాలు, తలుపులు, మంచాలు, చొక్కాలు, చెప్పులు. పాలరాయి, కంచు వంటి సంప్రదాయ శిల్పసామగ్రి ఆమె పనిలో దాదాపు కనిపించదు. ఇంటి సామానుతోనే కొలంబియా దేశం అర్ధ శతాబ్దం పాటు పడిన హింసకు రూపం కట్టడం ఆమె నాలుగు దశాబ్దాలుగా చేస్తున్న పని. అందులో రక్తం ఉండదు, శవం ఉండదు, మనిషి బొమ్మ అసలే ఉండదు. ఒక మనిషి వాడిన వస్తువు మాత్రం ఉంటుంది. ఆ వస్తువును ఇక ఎవరూ వాడలేరు. సాల్సేదో కళంతా ఈ రెండు వాక్యాల మధ్యే నడుస్తుంది.

ఆమె 1958లో బొగోటాలో పుట్టారు. 1980లో అక్కడే లలితకళల పట్టా తీసుకుని, 1984లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో శిల్పంలో పైచదువు పూర్తి చేశారు. జర్మన్ కళాకారుడు జోసెఫ్ బాయిస్ ఆలోచనలు ఆ రోజుల్లో ఆమెను బలంగా పట్టుకున్నాయి. శిల్పం సమాజపు పనుల్లో భాగం కాగలదని బాయిస్ నమ్మకం. చదువు ముగియగానే ఆమె స్వదేశానికి తిరిగి వచ్చారు. ప్రపంచమంతా ప్రదర్శనలు జరిగినా బొగోటాను వదలలేదు. ఆ నిర్ణయం చిన్నది కాదు. అప్పటికి కొలంబియాలో గెరిల్లా దళాలు, పారామిలిటరీ ముఠాలు, సైన్యం, కొకైన్ వ్యాపారం ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయి ఉన్నాయి. 2022లో ఆ దేశపు సత్య కమిషన్ తేల్చిన లెక్క ప్రకారం 1985 నుంచి 2018 దాకా నాలుగున్నర లక్షల మందికి పైగా హత్యకు గురయ్యారు. 2016 దాకా లెక్కిస్తే 1,21,000 మందికి పైగా మాయమైపోయారు.

ఈ రెండో అంకెను గట్టిగా గుర్తుంచుకోవాలి. మాయం చేయడమంటే మనిషిని ఎత్తుకెళ్లి, చంపి, ఆనవాలు మిగలకుండా చేయడం. శవం దొరకదు కాబట్టి ఇంటివాళ్లకు కర్మ చేసే వీలు లేదు. పోయాడని ఎవరూ చెప్పరు కాబట్టి ఎదురుచూపు మానుకునే వీలూ లేదు. ఆ ఇంట్లో మిగిలేవి అతని వస్తువులు. సాల్సేదో ఏళ్ల తరబడి పల్లెలకు వెళ్లి, అటువంటి కుటుంబాలతో కూర్చుని, వాళ్లు చెప్పింది వింటారు. విన్నదాన్ని ఎక్కడా అచ్చువేయరు. బాధితుల ఫోటోలు ప్రదర్శనలో పెట్టరు. ఆ సాక్ష్యమంతా వస్తువు మీద జరిగే పనిలోకి వెళ్లిపోతుంది. తనను తాను ఆమె ద్వితీయ సాక్షిగా చెప్పుకుంటారు: చూసినవాళ్లు చెప్పగా విన్న సాక్షి.

ఒక్క ఘటనకు మాత్రం ఆమె ప్రత్యక్ష సాక్షి. 1985 నవంబర్ 6న ఎం-19 అనే గెరిల్లా దళం బొగోటా నడిబొడ్డున, ప్లాజా డి బొలీవర్ పక్కనున్న న్యాయభవనాన్ని ఆక్రమించింది. సైన్యం ట్యాంకులతో భవనంలోకి చొచ్చుకుపోయింది. మంటలు లేచాయి. మర్నాటికి దాదాపు వందమంది చనిపోయారు. వాళ్లలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులే 11 మంది. లోపలి క్యాంటీన్‌లో పనిచేసేవాళ్లు కొందరు ప్రాణాలతో బయటికొచ్చి, సైన్యం చేతుల్లో మాయమయ్యారు. 2014లో అంతర అమెరికా మానవ హక్కుల న్యాయస్థానం అందుకు కొలంబియా ప్రభుత్వమే బాధ్యత వహించాలని తేల్చింది. చదువుకుని తిరిగొచ్చిన కొద్దికాలానికే యువశిల్పి కళ్ల ముందు జరిగిన సంగతి ఇది. దాన్ని శిల్పంగా చేయడానికి ఆమెకు పదిహేడేళ్లు పట్టింది.

ఈలోగా చేసిన పనుల్లో ఆమె పద్ధతి స్థిరపడింది. 1988లో ఉరబా ప్రాంతంలోని రెండు అరటితోటల్లో కూలీలను ఇళ్లలోంచి లాగి, భార్యాబిడ్డల ఎదుటే కాల్చి చంపారు. దాని తర్వాత సాల్సేదో తెల్లటి నూలు చొక్కాలను ఇస్త్రీ చేసినట్టు మడిచి, దొంతరలుగా పేర్చి, సున్నపుపిండితో గట్టిపరిచి, ప్రతి దొంతరలోనూ పైనుంచి కిందికి ఉక్కు ఊచ దించారు. ఊచ ప్రతి చొక్కానూ ఒకేచోట చీల్చుకుపోతుంది. ఉతికి, మడిచి, పెట్టెలో దాచే ఓ ఆడమనిషి శ్రమ అందులో కనిపిస్తుంది. ఆ చొక్కాలు తొడుక్కోవలసినవాళ్లు ఇక రారన్నదీ కనిపిస్తుంది.

1992లో మొదలైన ‘అట్రాబిలియారియోస్’లో ఆమె చెప్పులను తీసుకున్నారు. శవాలను పాతిపెట్టిన గుంతలు తవ్వినప్పుడు కుటుంబాలు ఎముకలను గుర్తుపట్టలేకపోయినా చెప్పులను గుర్తుపట్టేవి. ఒంటి మీది వస్తువుల్లో మనిషి ఆకారాన్ని ఎక్కువకాలం నిలుపుకునేది పాదరక్షే: మడమ అరుగుదల, వేళ్ల దగ్గర ఉబ్బు, ఒక పక్కకు వాలిన నడక. కుటుంబాలు ఇచ్చిన చెప్పులను, ఎక్కువగా ఆడవాళ్లవి, సాల్సేదో ప్రదర్శనశాల గోడలో చిన్న గూళ్లు తొలిపించి వాటిలో పెట్టారు. గూటి ముఖానికి ఎద్దు మూత్రాశయపు పొరను బిగించి, ఆపరేషన్లలో కుట్లకు వాడే నల్లదారంతో గోడకే కుట్టారు. పొర వెనక చెప్పులు మసకగా కనిపిస్తాయి. చూసేవారు ఎంత దగ్గరకు జరిగినా మసక తొలగదు. గుర్తుపట్టడానికి ఇంకొంచెం స్పష్టత కావాలనిపిస్తుంది. ఆ స్పష్టత దొరకదు. మాయమైనవాళ్ల ఇంట్లో రోజూ ఉండే స్థితి అదే. దాన్ని వర్ణించకుండా, చూసేవారి కంటికే ఆ స్థితి కలిగించడం ఈ పని గొప్పతనం. కుట్లు వేసింది గోడకు కాబట్టి ఆ గది కూడా చెప్పులతో పాటు గాయపడింది. ప్రదర్శనశాల బొమ్మలు తగిలించే చోటుగా మాత్రమే మిగలదు.

ఆ తర్వాత వచ్చినవి సిమెంటు బీరువాలు. వాడిన బీరువాలు, మంచాలు, కుర్చీలను ఒకదానిలో ఒకటి దూర్చి, ఖాళీ జాగా మిగలకుండా కాంక్రీటు పోశారు. అద్దపు తలుపు వెనక, గట్టిపడిన కాంక్రీటులోంచి ఒక జాకెట్టు అంచో, మడిచిన బట్ట కొసో బయటికి కనిపిస్తుంది. ఏ ఇంట్లోనైనా పెద్దదిక్కుగా ఉన్న మనిషి పోయాక వసారాలోని పడక్కుర్చీ ఉన్నచోటనే ఉంటుంది. ఎవరూ వద్దనకపోయినా అందులో ఎవరూ కూర్చోరు. ఎవరూ చెప్పని ఆ నిషేధానికి సాల్సేదో బరువు కల్పించారు. ఆమె కుర్చీలో కూర్చోవడం నిజంగానే అసాధ్యం. ఆమె బీరువాను నలుగురు కలిసినా కదపలేరు. 1999లో వీటిని ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ కెథడ్రల్‌లో పెట్టినప్పుడు, ఎవరో ఇల్లు ఖాళీ చేసి సామాను గుడిలో వదిలేసి వెళ్లినట్టు అవి అక్కడక్కడా నిలబడ్డాయి.

ఆమె పనిలో శ్రమ పాత్ర ఎంతటిదో ‘అన్‌ల్యాండ్’ అనే మూడు బల్లల వరుస చెబుతుంది. 1995 నుంచి 1998 దాకా సాగిన పని ఇది. ఒక్కో శిల్పంలో రెండు వేర్వేరు బల్లలను సగానికి విరగ్గొట్టి, సగాలను ఒకదానికొకటి అతికించారు. తర్వాత చెక్క నిండా సన్నని రంధ్రాలు వేసి, వాటిలోంచి పట్టుదారాన్నీ మనిషి వెంట్రుకలనూ ఒక్కొక్కటిగా దూర్చి కుట్టారు. దూరం నుంచి అది పాత బల్ల. దగ్గరికెళ్తే చెక్కకు చర్మం పట్టినట్టు ఉంటుంది. వాటిలో ఒకదాని పేరు ‘అనాథ చొక్కా’ అనే అర్థం వచ్చేది. తల్లి హత్యను కళ్లారా చూసిన ఒక చిన్నపిల్ల, తల్లి కుట్టిన గౌనునే రోజూ తొడుక్కునేదట. ఆ పిల్లను సాల్సేదో కలిశారు. బల్ల తెల్లటి సగాన్ని కప్పిన పట్టు ఆ గౌను. ఈ కథ తెలియకుండా బల్లను చూసినవారికి ఏం అందుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. కథ అందదు. అయితే ఎవరో ఒక బల్ల మీద ఏళ్లు వెచ్చించారనీ, చెక్కను వెంట్రుకతో కుట్టేటంత అవసరం వాళ్లకు ఏదో ఉందనీ అందుతుంది. అంత శ్రద్ధ పెట్టాల్సినంత పెద్ద నష్టం ఏమై ఉంటుందని చూసేవారు తమను తామే అడుగుతారు. విని వదిలేసిన కథ కంటే ఆ ప్రశ్న ఎక్కువకాలం నిలుస్తుంది.

2002తో సాల్సేదో పని గదుల్లోంచి వీధిలోకి వచ్చింది. కాలిపోయిన న్యాయభవనాన్ని కూల్చేసి, అదే స్థలంలో ప్రభుత్వం కొత్తది కట్టించింది. గోడలు శుభ్రంగా ఉన్నాయి. జరిగినదానికి ఆ గోడల మీద గుర్తు లేదు. ఆ ఏడాది నవంబర్ 6న ఉదయం 11 గంటల 35 నిమిషాలకు, అంటే పదిహేడేళ్ల కిందట మొదటి మనిషి నేలకొరిగిన సమయానికి, భవనం పైకప్పు మీదినుంచి ఒక ఖాళీ చెక్క కుర్చీ తాడుకు వేలాడుతూ గోడ వెంట మెల్లగా దిగింది. కాసేపటికి ఇంకొకటి. తర్వాత కొంతసేపు ఏమీ లేదు, మళ్లీ రెండు మూడు కలిసి. 53 గంటల పాటు మొత్తం 280 కుర్చీలు దిగాయి. చనిపోయిన తీరును బట్టి కుర్చీలు దిగే వేగం మారుతూ వచ్చింది. తర్వాత వాటిని తీసేశారు.

ఆ కుర్చీ కోర్టు కుర్చీ. న్యాయమూర్తిదీ గుమస్తాదీ కక్షిదారుదీ టీ ఇచ్చే మనిషిదీ కావచ్చు. కోర్టులో అందరూ కూర్చునేవారే. అది భవనం లోపల ఉండవలసినది, బయట గోడ మీద వేలాడుతోంది. మామూలు చోటు నుంచి వస్తువును ఇంత కొంచెంగా జరిపి ఇంత అర్థం రాబట్టిన శిల్పాలు అరుదు. చూడటానికి టికెట్టు లేదు. పనిమీద వెళ్తున్నవాళ్లు తలెత్తి చూశారు. ఆ రోజుల్ని అనుభవించినవాళ్లకు ఎవరూ వివరించి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. అదే కుర్చీలను అదే వరుసలో వేరే ఊళ్లో వేరే గోడ మీద దించితే చక్కని దృశ్యం మాత్రమే మిగిలేది. స్థలాన్ని ఎంచుకుని చేసే శిల్పమంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు: స్థలం ఇక్కడ పీఠం కాదు, శిల్పంలో సగభాగం.

మరుసటి సంవత్సరం ఇస్తాంబుల్ ద్వైవార్షిక ప్రదర్శనకు ఆమెను పిలిచారు. నగరంలోని కరాకోయ్ వైపు, ఇనుప సామాన్ల దుకాణాల వీధిలో, రెండు భవనాల మధ్య ఒక ఇల్లు కూలిపోయి ఖాళీ జాగా మిగిలింది. సాల్సేదో ఆ జాగాను 1,550 చెక్క కుర్చీలతో నింపారు. లోపల కుర్చీలు తలకిందులుగా, అడ్డదిడ్డంగా, ఒకదాని కాళ్లు ఇంకొకదానిలో ఇరుక్కుని అంతస్తుల ఎత్తున పేరుకుపోయాయి. వీధివైపు ముఖం మాత్రం గోడ కట్టినంత చదును. పక్క భవనాల వరుసను దాటి ఒక్క కుర్చీ కాలు కూడా ముందుకు రాలేదు. ఊళ్లు వదిలిపోయిన, తరిమివేతకు గురైన జనం సామూహిక సమాధిలా లోపల ఉన్నారు. బయట వ్యాపారం మామూలుగా సాగుతోంది. ఇది ఫలానా ఘటనకు గుర్తు అని ఆమె చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది. ఆ నగరంలో ఏ వీధి నుంచి ఎవరు వెళ్లిపోవలసి వచ్చిందో అక్కడివారికి తెలుసు.

2007లో లండన్‌లోని టేట్ మోడరన్ మ్యూజియం తన విశాలమైన టర్బైన్ హాలును ఆమెకు అప్పగించింది. అక్కడ ఆమె ఏ వస్తువూ పెట్టలేదు. కాంక్రీటు నేల మీద ఈ చివర నుంచి ఆ చివరకు 167 మీటర్ల పొడవున పగులు తెరిపించారు. వెంట్రుకవాసిలో మొదలై పోనుపోనూ వెడల్పయ్యే ఆ పగులు లోపలి అంచుల్లో ఇనుప కంచె కనిపించేది. ఐరోపా గొప్పతనపు పునాదిలో వలస పాలన, జాతి వివక్ష ఉన్నాయని దాని భావం. ‘షిబ్బొలెత్’ అనే ఈ పని వల్లే ఆమె పేరు ప్రపంచమంతా తెలిసింది. అయినా కుర్చీల పక్కన పెట్టి చూస్తే ఇందులో భావం ముందు, స్పర్శ తర్వాత. ఒకరి చేతుల్లో అరిగిన వస్తువులో ఉండే దగ్గరితనం నేల మీది పగులుకు రాలేదు. ఒక్క విషయంలో మాత్రం ఇది మిగతావాటిని మించింది: ప్రదర్శన ముగిశాక పగులును పూడ్చినా, పూడ్చిన చార ఆ నేల మీద ఇప్పటికీ ఉంది. మ్యూజియం దాన్ని దాచలేదు.

అదే ఏడాది జూలై 3న బొగోటాలో ఆమె ఇంకో పని చేశారు. ఫార్క్ గెరిల్లాలు ఐదేళ్ల కిందట అపహరించిన వల్యే దెల్ కాఉకా రాష్ట్ర శాసనసభ్యులు 11 మంది చనిపోయిన వార్త అప్పుడే వచ్చింది. సాల్సేదో ప్లాజా డి బొలీవర్ నిండా దాదాపు 24,000 కొవ్వొత్తులు వరుసలుగా పెట్టించారు. ఆమె బృందం మొదలుపెట్టిన పనిని దారినపోయే జనం అందుకున్నారు.

కొంతకాలానికి సైన్యం చేసిన ఘోరాలు బయటపడ్డాయి. పేద కుర్రాళ్లకు పని ఇప్పిస్తామని తీసుకెళ్లి, చంపి, గెరిల్లాలను చంపినట్టు లెక్క చూపించేవారు. 2002 నుంచి 2008 దాకా అలా చనిపోయినవారు 6,402 మంది అని, ప్రభుత్వానికీ ఫార్క్‌కూ మధ్య కుదిరిన శాంతి ఒప్పందం కింద ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానం 2021లో ప్రకటించింది. ఆ కుర్రాళ్ల తల్లుల బాధ విన్న తర్వాత రూపం తీసుకున్నది ‘ప్లెగారియా ముదా’. శవపేటిక పొడవున్న బల్ల, దాని మీద మట్టి దిమ్మ, ఆ మట్టి మీద బోర్లించిన ఇంకో బల్ల. ఇటువంటి జతలు వందకు పైగా. పై బల్ల చెక్కలో వేసిన సన్నని రంధ్రాల్లోంచి పచ్చగడ్డి పరకలు పైకి వస్తాయి. ప్రదర్శించిన ప్రతిచోటా ఆ గడ్డిని బతికించుకోవాలి, నీళ్లు పెట్టాలి, వెలుతురు చూడాలి. శిల్పం మ్యూజియం సిబ్బందికి ఒక బాధ్యత అవుతుంది. వరుసల మధ్య నడిచేవారికి శ్మశానంలో నడుస్తున్న స్పృహ కలిగినా, అక్కడ ఏ రాయి మీదా పేరు ఉండదు.

పేర్లు తర్వాతి పనుల్లో వచ్చాయి. 2016 అక్టోబర్ 2న శాంతి ఒప్పందం మీద జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో అర శాతం కూడా లేని తేడాతో వద్దన్నవారు గెలిచారు. తొమ్మిది రోజుల తర్వాత సాల్సేదో ప్లాజా డి బొలీవర్ అంతా తెల్లని గుడ్డ పరిపించారు. దాదాపు రెండు వేల మంది హతుల పేర్లు బూడిదతో రాసి ఉన్న ముక్కలను వేలమంది స్వచ్ఛందంగా వచ్చి, నేల మీద కూర్చుని, సూదీదారంతో ఒకదానికొకటి కుట్టారు. శాంతి కోరుతూ అదే మైదానంలో గుడారాలు వేసుకున్నవారు దీనికోసం జరగవలసి వచ్చిందని విమర్శ వచ్చింది. ఆ విమర్శను కొట్టిపారేయలేం. బహిరంగ స్థలంలో పనిచేసే శిల్పి ఆ స్థలాన్ని ఇంకెవరితోనో పంచుకోవాల్సిందే. 2017లో మాడ్రిడ్‌లోని గాజు భవనం పలాసియో దె క్రిస్తాల్‌లో ఆమె చేసిన ‘పాలింప్సెస్ట్’లో, ఐరోపాకు వస్తూ సముద్రంలో మునిగిపోయిన వలసజనుల పేర్లు రాతిపలకల్లోంచి నీటిబొట్లుగా ఊరి, అక్షరాలై, ఇంకిపోతాయి. వాటి స్థానంలో మళ్లీ వేరే పేర్లు. 2023లో షార్జాలో 804 ఎండు చెట్లను వంచి, అల్లి, లోపలికి ఎవరూ వెళ్లలేని ఇల్లు కట్టారు. ఇల్లు పోగొట్టుకున్నవారి గురించిన ఆలోచనే అక్కడ ఇంటి ఆకారం తీసుకుంది.

2014లో హిరోషిమా కళాబహుమతి, 2024లో జపాన్ ఇచ్చే ప్రేమియం ఇంపీరియాలె ఆమెకు దక్కాయి. అన్నిటికంటే బరువైన అప్పగింత మాత్రం సొంత దేశం నుంచి వచ్చింది. ఫార్క్ అప్పగించిన ఆయుధాలతో మూడు స్మారకాలు కట్టాలని చివరికి కుదిరిన 2016 ఒప్పందంలో ఉంది: ఒకటి ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యాలయంలో, ఒకటి ఒప్పందపు చర్చలు జరిగిన క్యూబాలో, ఒకటి కొలంబియాలో. మూడోది సాల్సేదోకు అప్పగించారు. 37 టన్నుల ఆయుధాలు ఆమె చేతికొచ్చాయి. యాభై ఏళ్ల యుద్ధంలో కొన్ని ప్రాంతాల ఇళ్లకు తుపాకీ కూడా కుర్చీ, బల్ల అంత మామూలు వస్తువైపోయింది. దాన్ని నిలువెత్తు విగ్రహం చేయడానికి ఆమె ఒప్పుకోలేదు. నిలువెత్తు స్మారకం యుద్ధాన్ని ఎంతోకొంత పొగుడుతుందని ఆమె అభిప్రాయం. ఆయుధాలన్నిటినీ కరిగించి, దాదాపు 1,300 నేలపలకలు పోత పోయించారు. ఆ పలకలకు అచ్చులు తీసింది లోహపు రేకుల మీద నుంచి. ఆ రేకులను సుత్తులతో కొట్టి సొట్టలు పొడిచినవారు యుద్ధంలో అత్యాచారానికి గురైన స్త్రీలు. ప్రతి పలక మీదా వాళ్ల దెబ్బలు గతుకులుగా ఉన్నాయి.

ఆ స్మారకం ‘ఫ్రగ్మెంతోస్’ 2018 డిసెంబర్‌లో బొగోటా పాతబస్తీలో, కూలిన ఒక వలసకాలపు ఇంటి మొండిగోడల నడుమ తెరుచుకుంది. వెళ్లినవారు తుపాకుల మీద నడుస్తారు. బాధితులూ, ఆయుధాలు దించినవారూ, ఈ యుద్ధంతో తమకు సంబంధం లేదనుకున్న నగరవాసులూ అదే నేల మీద నిలబడాలి; ఒకరి కంటే ఒకరు ఎత్తున నిలబడే వీలు లేదు. సాల్సేదో అక్కడితో పని ముగించలేదు. యుద్ధం సాగిన 53 ఏళ్లకు సమానంగా, 53 ఏళ్ల పాటు ఇతర కళాకారులు వచ్చి యుద్ధం గురించి తమ పనులను ఆ నేల మీద ప్రదర్శించాలన్నది ఏర్పాటు. ఆ చోటును ఇప్పుడు కొలంబియా జాతీయ మ్యూజియం చూసుకుంటోంది. కళాకారుల వంతులు సాగుతున్నాయి.